ఎర్రలైటు దగ్గర బొట్టు

కెనడాలో మా కాల్గరీ చలికాలంలో నుదుట బొట్టు నిలవడం కష్టం. ఉన్నిటోపీ కనుబొమల దాకా లాక్కుంటామా, కారెక్కాక హీటరు వేడికి దాన్ని తీస్తామా, టోపీతో పాటే స్టిక్కరూ వెళ్లిపోతుంది. అందుకే నా కారులో అద్దం అంచున ఎప్పుడూ నాలుగు స్పేర్ బొట్లు అంటించి ఉంటాయి. స్పేర్ టైరు ఉందో లేదో ఎన్నడూ చూసుకోలేదు కానీ, ఇవి మాత్రం ఉండాల్సిందే.

రథసప్తమికి ఒకరింట్లో పేరంటం. వెళుతూ ఎర్రలైటు దగ్గర ఆగి, టోపీ తీసి, అద్దం మీది మెరూన్ బొట్టు నుదుట పెట్టుకున్నాను. పక్క వరుసలో పోలీసు కారుంది. అందులోని పోలీసాయన నన్ను ఓ వారగా ఆపించి, డ్రైవ్ చేస్తూ సింగారించుకోవడం నేరమని ఎంతో మర్యాదగా చెప్పి టికెట్ చేతిలో పెట్టాడు. తాంబూలం కోసం బయల్దేరితే దారిలోనే ముట్టజెప్పారన్నమాట.

మామూలప్పుడైతే జరిమానా కట్టేసి ఊరుకునేదాన్ని. కానీ అప్పుడే నాకు స్కూల్ బస్సు నడిపే ఉద్యోగం ఖాయమైంది. అమెరికాలో ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్నదాన్ని. ఇక్కడికొచ్చాక అమ్మాయి చదువు, వంటిల్లు. ఇన్నేళ్లకి నాదంటూ ఒక ఉద్యోగం. ట్రైనింగ్ అయింది, బస్సు లైసెన్సూ వచ్చింది. డ్రైవింగ్ రికార్డులో మచ్చ లేకుంటేనే తాళాలిస్తామని వాళ్లు ముందే చెప్పారు. ఈ టికెట్ ఒప్పుకుంటే డీమెరిట్ పాయింట్లు పడతాయి. ఆ పసుపు బస్సు నాకు కావాలి. జీవితంలో దేన్నీ అంతగా కావాలనుకోలేదు.

మా అమ్మాయి "జస్ట్ పే ఇట్, మామ్" అంది. మావారు సాఫ్ట్‌వేర్ మనిషి, అంత తేలిగ్గా వదలరు. కారు ఆగి ఉంది కదా, ఆగిన కారులో కూర్చోవడాన్ని నడపడం అంటారా అని మొదట పట్టుకున్నారు. శనివారమంతా నెట్‌లో వెతికి, ఎర్రలైటు దగ్గర ఆగినా అది నడపడం కిందికే వస్తుందని కోర్టులు ఎప్పుడో తేల్చేశాయని దిగాలుగా చెప్పారు. కదలకుండా కూర్చోవడం కూడా నడపడమే అయితే, మావారు సోఫాలో చేసేది కూడా ఏదో ఒక సెక్షన్ కింద పనే అయ్యుంటుంది.

ఆదివారానికి రెండో వాదన తయారైంది. బొట్టు సింగారం కాదు, సౌభాగ్యం.

"నా ఆయుష్షు కోసం పెట్టుకున్నానని చెప్పు. మొగుడి ప్రాణం అంటే ఏ జడ్జి మాత్రం కాదంటాడు?" అన్నారు.

ఆ వాదన ఆయనకు ఎంత నచ్చిందంటే, అవసరమైతే సాక్ష్యం చెబుతానని ఆఫీసుకు సెలవు కూడా పెట్టారు.

కోర్టులో జడ్జి గారు ముక్కు చివర కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన. ప్రాసిక్యూటర్ గోళ్ల రంగు నుంచి బూట్ల మెరుపు దాకా ముస్తాబైన అమ్మాయి. డిక్షనరీ తీసి, సింగారం అంటే ఒంటిని చక్కగా కనబడేలా తీర్చుకోవడమని చదివింది. చట్టం విడిగా అర్థం చెప్పని మాటకు జనం వాడుకలో ఉన్న అర్థమే తీసుకోవాలట. ఏ జనం అని నాకు ఒళ్లు మండింది. మాలో బొట్టు లేకుండా కనిపిస్తే 'ఏమైందమ్మా' అని కంగారుగా అడుగుతారు గానీ, 'ముస్తాబు కాలేదేం' అని అడగరు. నాకొచ్చిన ఇంగ్లీషులో అదే చెప్పాను, ఆయుష్షు సంగతీ చెప్పాను. జడ్జి గారు వెనక కూర్చున్న మావారి వైపు చూశారు. మావారు నిటారుగా కూర్చుని, వీలైనంత ఆరోగ్యంగా కనిపించారు.

అప్పుడా అమ్మాయి, అద్దం మీద మెరూన్, ఆకుపచ్చ, నలుపు, బంగారు రంగు బొట్లున్నాయని పోలీసాయన చేత చెప్పించి నా వైపు తిరిగింది. ఆయుష్షుకు ఇన్ని రంగులెందుకని అడిగింది. ప్రమాణం చేసి నిలబడ్డాను, నోట అబద్ధం రాలేదు.

"చీరకి మ్యాచింగ్" అన్నాను.

మావారు తల పట్టుకున్నారు. నా బస్సు పోయిందనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

జడ్జి గారు మాత్రం, ఎలా పెట్టుకున్నారో ఒకసారి చూపించమన్నారు. సాక్ష్యానికని తెచ్చిన ప్యాకెట్టు నా దగ్గరే ఉంది. నుదుటి బొట్టు తీసేసి, ఆయన ముఖమే చూస్తూ, కొత్తది రెప్పపాటులో పెట్టేశాను. అద్దం అక్కర్లేదా అని అడిగారు. అద్దం అవి అంటించుకోవడానికే, నా నుదురెక్కడుందో నాకు పసితనం నుంచీ తెలుసన్నాను. ఆ రోజు ఈమె చూపు ఎటుందని పోలీసాయన్ని అడిగారు. సిగ్నల్ మీదే ఉందనీ, పచ్చలైటు పడగానే తనకంటే ముందు నేనే కదిలానని కూడా ఆయన నిజాయితీగా చెప్పాడు.

తీర్పు చిన్నదే. మ్యాచింగ్ చూసుకున్నాక అది సింగారమేనట, అందులో అనుమానం లేదట. కానీ చట్టం ఆ మాటను ఒంటరిగా పెట్టలేదు. ధ్యాస మళ్లించే పనులని మొదలుపెట్టి, వాటిలో ఒకటిగా సింగారాన్ని చెప్పింది. ధ్యాసే మళ్లనప్పుడు ఆ మాటకు ఇక్కడ పనిలేదని కేసు కొట్టేశారు. తీర్పులో తన ఆయుష్షు ప్రస్తావన ఎక్కడా రాలేదని మావారు ఇంటికొచ్చేదాకా బాధపడ్డారు.

బస్సు ఇచ్చారు. ఆ ఏడు మొదటి మంచు పడిన ఉదయం, సిగ్నల్ దగ్గర టోపీ తీస్తే బొట్టు దానితోనే పోయింది. జేబులో ప్యాకెట్టుంది, ఎదురుగా ఎర్రలైటుంది, జడ్జి గారి తీర్పూ నా పక్షానే ఉంది. చెయ్యి జేబులోకి వెళ్లింది. పైనున్న పెద్ద అద్దంలో రంగు రంగుల టోపీలతో చిన్న చిన్న తలలు వరుసగా కనిపించాయి. చెయ్యి వెనక్కి తీసి స్టీరింగ్ మీద పెట్టాను.

పెళ్లయ్యాక మొదటిసారి బోసి నుదుటితో అంత దూరం వెళ్లాను. స్కూలు దగ్గర పిల్లలందరినీ దింపి, బ్రేకు వేసి ఫోను తీస్తే మావారి మెసేజ్ ఉంది. గుండె గుభేలుమంది.

ఫ్రిజ్‌లో ఉన్న నిన్నటి పప్పు తను తినెయ్యొచ్చా అని అడుగుతున్నారు.