సాయిలన్న వద్దనలేదు

కాలిన గోధుమపిండి వాసన తగిలితే ఇప్పటికీ నేను అడుగు ముందుకు వేయలేను. ఈ ఉదయం శేరిలింగంపల్లిలో చపాతీలు కాల్చి అమ్మే కొట్టు ముందు నుంచి నడుస్తుంటే మళ్లీ అలాగే అయింది. సాయిలన్న గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

ఐటీ ఆఫీసులకు మధ్యాహ్న భోజనం పంపే పెద్ద వంటశాలలో అప్పట్లో నేను సూపర్‌వైజర్‌ని, ఆయన మెకానిక్. మెదక్ వైపు మనిషి. చపాతీ యంత్రంలో ఏది ఇరుక్కున్నా ముందు గోడమీది మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. ఆ తర్వాతే చేయి పెట్టేవాడు. నేను చేరిన వారంలోనే నాకూ చెప్పాడు: "పిండి ఏదో, మన చెయ్యి ఏదో మిషిన్‌కు తెల్వది మేడం."

ఒకరోజు పదకొండున్నరకు రోలర్ల మధ్య పిండి ముద్దకట్టింది. బయట వ్యాన్లు ఎదురుచూస్తున్నాయి. మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. సాయిలన్న గోడవైపు కదిలాడు. "టైం లేదన్నా. బటన్ ఆపే ఉంది కదండీ, రెండు నిమిషాల్లో తీసేయండి," అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. వెనక్కొచ్చి చేయి పెట్టాడు. అవతలి వైపు పనిచేసే ఆమె అప్పుడే టీ తాగి వచ్చింది. వంగి ఉన్న ఆయన ఆమెకు కనిపించలేదు. బటన్ నొక్కింది. సాయిలన్న కుడిచేతి మూడు వేళ్లు పోయాయి.

మర్నాడు మేనేజర్ తెచ్చిన కాగితంలో 'కార్మికుడి అజాగ్రత్త వల్ల' అని ఉంది. సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు.

నెల తర్వాత ఆయన ఉండే అద్దె గదికి వెళ్లాను. ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంటున్నాడు. భార్య నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"నేనే తొందరపెట్టానని రాయలేదన్నా."

"ఎరుకే మేడం. చదివి వినిపించిండ్రు." జారిన మెతుకులు ఎడమచేత్తో కంచంలోకి ఏరాడు. "నేను గూడ వద్దనాల్సింది. మీరు పరేషాన్‌ల ఉన్నరని అనలే."

ఆ వారమే కంపెనీకి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఉద్యోగం పోయింది. ఆ కాగితం మాత్రం మారలేదు. సాయిలన్న ఊరికి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది.

ఇప్పుడు మసాలా పొడుల కర్మాగారంలో పనిచేస్తున్నాను. సరుకు ఆలస్యమైతే మాటలు పడతాను. కొత్తగా వచ్చిన ప్రతి మెకానిక్‌కూ మొదటిరోజే చెబుతాను: "నేను తొందరపెడితే నా మాట వినకండి." ఎందుకని అడుగుతారు. మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు పీకి వాళ్ల చేతిలో పెడతాను.