ఇప్పపువ్వుకు ఎర్ర గీత

ఇంగ్లీషు గైడు కనిపిస్తే నాకిప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, టేకులపల్లి దాటాక అడవిలో ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడిలో నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఏడో తరగతి మొత్తానికి నాలుగు గైడ్లు. పేజీలకు ఎండిన మెతుకులు, అట్టలకు కిరసనాయిలు వాసన. అందులోంచి రోజుకు పది మాటలు తీసి, ఒక్కోదాన్నీ పదిసార్లు రాయాలి. తర్వాత అందరూ కలిసి అరవాలి.

"గ్యాదర్ అంటే పోగుచేయుట! గ్యాదర్ అంటే పోగుచేయుట!"

అరిచేది నోరు, చూపు మాత్రం కిటికీ బయట. చాలామంది ఇళ్లలో మాట్లాడేది కోయ. 'పోగుచేయుట' కూడా వాళ్లకు 'గ్యాదర్' అంత పరాయిదే. తెలియని మాటకు ఇంకో తెలియని మాట అర్థం! దాన్ని చదువు అనడానికి సిగ్గుండాలి. ఆ సిగ్గు లేకుండా నేనూ ఏడాదిన్నర అదే చెప్పించాను.

ఒకరోజు విసుగెత్తి గైడ్లను బీరువాలో పడేసి తాళం వేశాను. ఇక వారానికి మూడే మాటలు, ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు. ఆ పని నువ్వు ఎప్పుడు చేశావు? దేనికి ఆ మాట వాడతావు? దేనికి వాడకూడదు? ఇంట్లో దాన్ని ఏమంటారు? పిల్లలు మొదట బిత్తరపోయారు. తర్వాత నా సత్తుపల్లి వైపు యాసను, నేను అడిగే తీరును అనుకరించి నవ్వుకున్నారు. నవ్వుతూ నవ్వుతూనే జవాబులు చెప్పడం మొదలుపెట్టారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్నే హాస్టల్ వెనకున్న ఇప్పచెట్టు కిందకు తీసుకెళ్లాను. పెద్ద పంతులమ్మ ఫోజు పెట్టి, కొమ్మకు చెయ్యి చాచి "వుయ్ ప్లక్ ఫ్లవర్స్" అన్నాను.

"అయ్యో మేడమ్!" అని వెనక నుంచి ఒక పిల్ల గట్టిగా అంది. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. "ఇప్పపువ్వు ఎవ్వరన్న తెంపుతరా? తెల్లారేసరికి అదే రాలుతది. ముందుగాల చెట్టు కింద ఊడ్చి పెట్టుకుంటం, పొద్దుగాల ఏరుకుంటం. తెంపేది బీడీల తునికాకు."

మిగతా పిల్లలు నా తెలివితక్కువతనానికి కడుపుబ్బ నవ్వారు. అలా నేలమీద నుంచి ఏరి గంపకెత్తుకోవడమే గ్యాదర్ అని చెప్పాను. ఆ పిల్ల కింద రాలిన పువ్వు ఒకటి ఏరి చూపించింది.

"గట్లయితే వుయ్ గ్యాదర్ ఫ్లవర్స్. వుయ్ ప్లక్ లీవ్స్."

సొంతంగా కట్టిన వాక్యాలు! నాకు అక్కడే ఎగిరి గంతేయాలనిపించింది.

ఆ ఏడు మా బడికి ఖమ్మంలోని మంచి రెసిడెన్షియల్ స్కూల్లో ఒక్క సీటు ఇచ్చారు. ఏడో తరగతి పెద్ద పరీక్షలో ఇంగ్లీషులో ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్లకే. ఇప్పచెట్టు కింద నన్ను దిద్దిన ఈ పిల్లకు దవాఖానలో నర్సు కావాలని కోరిక. మా బడిలో చూస్తే సైన్సు టీచరే లేదు. సంత రోజున వాళ్లమ్మ గేటు దగ్గర నిలబడి "మా పిల్లకు సీటొస్తదా మేడమ్?" అని అడిగింది. "ఎందుకు రాదు, వస్తుంది" అన్నాను. నోటికొచ్చిన మాట కాదు, నమ్మే అన్నాను.

పరీక్ష పేపరు పైనుంచి వచ్చింది, దానితోపాటే జవాబుల కీ. అందులో ఒక ఖాళీ: "వుయ్ డ్యాష్ ఫ్లవర్స్." ఆ పిల్ల 'గ్యాదర్' అని రాసింది.

ఎర్ర పెన్ను పట్టుకుని ఆగిపోయాను. ఎదురుగా కూర్చున్న హెడ్మిస్ట్రెస్ తలెత్తింది.

"జవాబుల కీల ఏమున్నది మేడమ్?"

"ప్లక్. కానీ ఇదీ తప్పు కాదు మేడమ్. వీళ్లు పువ్వులు ఏరుకుంటారు."

"ఏరుకుంటరో, ఏం జేస్తరో! రేపు రీచెకింగ్ అయితే నా మెడకు చుట్టుకుంటది. కీల లేదంటే తప్పే. జల్దీ కానియ్యండి."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది ఆ పద్ధతి. కట్టేసింది మాత్రం నేనే. ఒక్కసారి అడ్డం చెప్పాను, రెండోసారి చెప్పలేదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, భయం. అడ్డంగా గీత గీశాను. ఒక్క మార్కు తేడాతో సీటు ఇంకో పిల్లకు పోయింది. పాపం, ఆ పిల్లను అనడానికేం లేదు, గైడు మొత్తం కంఠతా పట్టింది.

పేపర్లు పంచిన మర్నాడు ఈ పిల్ల తన పేపరు పట్టుకుని వచ్చింది.

"మీరే చెప్పిన్రు గద మేడమ్. రాలిన పువ్వుకు గ్యాదర్ అని. గది తప్పా?"

"కీలో అలా లేదమ్మా."

అన్నది నేనే. ఎవరో కక్కింది నా నోట్లో పడ్డట్టు రోత పుట్టింది. ఆ పిల్ల "అవ్ మేడమ్" అని పేపరు మడిచి లంగా దోపులో పెట్టుకుని వెళ్లింది.

ఎనిమిదో తరగతిలో హెడ్మిస్ట్రెస్ బీరువా తాళం తీయించి గైడ్లు బయట పెట్టించింది. నేనే వాటిని పంచాను. మూడు నెలల పరీక్షకు, పాత పాఠాల్లోంచి అంటూ, అదే ఖాళీ మళ్లీ వచ్చింది. ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా, 'ప్లక్' అని రాసింది.

నేను టిక్కు పెట్టి మార్కు వేశాను.