ఆడపడుచు వాటా

మా ఇంట్లో ప్లాస్టిక్ డబ్బా చెత్తబుట్టలోకి పోదు. హోటలు నుంచి కూర తెచ్చిన డబ్బా అయినా సరే, సబ్బునీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి, అరలో సర్దుతాను. మేముండే ఈ డార్విన్ ఊళ్లో ఎండకు కొదవ లేదు. మా అమ్మాయి ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకుని వచ్చి, "ఏందమ్మా ఈ సంత" అని విసుక్కుంటుంది. నేను చదివింది నాలుగో తరగతి దాకానే, పారేసే చదువు నాకు రాలేదని చెబుతాను.

ఆ అరలో అన్నిటికీ వెనక మూత ఒక మూల పగిలిన నల్లడబ్బా ఒకటి చాలాకాలం ఉండిపోయింది. దాంట్లో నేను పప్పు పెట్టలేదు, పచ్చడి పెట్టలేదు. వాడుకుందామని దాచింది కాదది. దాచి ఊరుకుందామనీ కాదు.

దాని సంగతి చెప్పాలంటే ముందు మా పక్కింటి వదిన సంగతి చెప్పాలి. ఆవిడ సుమత్రా దీవిలోని పక్‌పక్ మనిషి. కొడుకు ఇక్కడ ఓడరేవులో పనిచేస్తాడు. నాలాగే ఆవిడకూ భర్త లేడు, నాలాగే ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక శుక్రవారం తలంటు పోసుకుని నేను సాంబ్రాణి వేస్తుంటే, ప్రహరీ అవతల నుంచి ఆవిడ మెడ సాచి వాసన చూస్తూ నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు. ఏమైందోనని గేటు తీసి లోపలికి పిలిచాను. వాళ్ల నాన్న సాంబ్రాణి చెట్లకే గాట్లు పెట్టేవాడట. గాటులోంచి పాలలా కారిన బంక గట్టిపడ్డాక గీరి తెచ్చేవాడట. అడవిలో ఒంటరిగా చెట్టెక్కేటప్పుడు పాడుకునే పాట ఒకటి ఉండేదని పాడి వినిపించింది. ఏడుపులాగే ఉంది. పుట్టినప్పటి నుంచి నేను పీలుస్తున్న పొగ ఈవిడ పుట్టింటిదని ఆ రోజు తెలిసింది. వదినా అని పిలవడం నేనే నేర్పాను.

వాళ్ల మనుషుల గురించి చెప్పమంటే చెయ్యి చాచి అయిదు వేళ్లు చూపించింది. సిమ్‌సిమ్, కెప్పాస్, పెగాగన్, కెలాసెన్, బోవాంగ్. ఒక్కో వేలు ఒక్కో సీమ. మాట యాస కొంచెం కొంచెం మారుతుంది. తనది కెలాసెన్, సాంబ్రాణి చెట్ల సీమ. బోవాంగ్ వైపు వాళ్లు ముసల్మానులు, మిగతా చోట్ల చర్చికి పోయేవాళ్లు ఎక్కువ. చివరికి పిడికిలి బిగించి, ఇదంతా కలిపితే పక్‌పక్ అంది. లోకం మాత్రం వాళ్లందరినీ బాటక్ అనే పేరుతో ఒకే మూటలో కట్టేస్తుందట. ఆ మాట ఎవరన్నా ఈవిడ మొహం ముడుచుకుపోతుంది. నాకు చప్పున అర్థమైంది. ఈ ఊరు రాకముందు మేము వెస్ట్‌మీడ్ అనేచోట అపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు పై అంతస్తు ఆవిడ లిఫ్టులో కనబడితే చాలు, వణక్కం అనేది. మాది పల్నాడమ్మా, తెలుగువాళ్లం అని ఎన్నిసార్లు చెప్పానో. మర్నాడు మళ్లీ వణక్కం.

మా మనవరాలికి పెద్ద పరీక్షలు వచ్చినప్పుడు, పొద్దున్నే వదిన ఒక పళ్లెం తెచ్చింది. పసుపు వేసి మెత్తగా మెదిపిన అన్నం, దానిమీద కోడికూర, నోట్లో పెడితే చెవుల్లోంచి పొగ వచ్చేంత కారం. దాన్ని పెల్లెంగ్ అంటారు. వెనకటి రోజుల్లో మగవాళ్లు పోట్లాటకు పోయే ముందు ఇంట్లోవాళ్లు ఇది తినిపించి పంపేవాళ్లట. ఇప్పుడు పోట్లాటలు లేవు గనుక పరీక్షకో, దూరప్రయాణానికో, కష్టమైన పనికో పెడతారు. ఊరికే పెట్టరు.

"అమ్మమ్మా, దిస్ ఈజ్ టూ హాట్," అంది మనవరాలు కళ్లు తుడుచుకుంటూ.

"తిను. యుద్ధానికి పోయేవాళ్లు తిన్నారు, నీకేం," అన్నాను.

ఇక వదిన తమ్ముడు. ఈ ఊరికి ఆవిడకంటే చాలా ముందు వచ్చాడు. పడవలు బాగుచేసే షెడ్డు పెట్టి పైకి వచ్చాడు. తల్లి పొలానికి పోతే ఈ తమ్ముణ్ణి వీపుకు కట్టుకుని మోసింది వదినే. ఇక్కడ ఆయన పేరు చివర ఇంటిపేరు తీసేశాడు. ఎవరన్నా అడిగితే బాటక్ అని చెబుతాడు, ఆ పేరైతే జనం విని ఉంటారు, వివరం చెప్పే పని ఉండదు. అక్క ఇదే ఊళ్లో ఉందన్న సంగతి కూడా ఆయన స్నేహితులకు తెలియదు.

ఆయన సముద్రం వైపు కొత్త ఇల్లు కట్టుకుని విందు పెట్టినప్పుడు, వదిన నన్ను సాయం రమ్మంది. దారిలో వాళ్ల పద్ధతి చెప్పింది. పుట్టింట్లో విందు జరిగితే వంట, వడ్డన పెళ్లయి పోయిన ఆడపడుచులదీ వాళ్ల వైపువాళ్లదీ. అది పనిమనిషి పని కాదు, హక్కు. ఎందుకంటే చివర్లో కోసిన జంతువును వాటాలు వేసి, నలుగురి ముందూ వరస పెట్టి పిలిచి ఇస్తారు. పెద్ద శాఖకు దవడ, చిన్న శాఖకు తోక వైపు, ఆడపడుచులకు వాళ్ల వాటా. ఆ వాటా అందుకుంటేనే నువ్వు ఫలానా ఇంటి ఆడబిడ్డవని లోకానికి తెలిసేది. మనలో పుట్టింటివాళ్లు బొట్టు పెట్టి చీర చేతికివ్వడంలాంటిదే అనుకున్నాను.

తెల్లారినప్పటి నుంచి ఇద్దరం పొయ్యి దగ్గరే. వడ్డన సాగుతుండగా ఆయన స్నేహితుల్లో ఒక దొర వదినను చూపించి ఎవరని అడిగాడు. ఆయన నవ్వుతూ, "షి హెల్ప్స్ అజ్ ఇన్ ది కిచెన్," అన్నాడు. అంతమాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. వదినకూ వచ్చు. గరిటె పట్టిన చెయ్యి ఆగి, మళ్లీ కదిలింది.

వాటాలు పిలుస్తారని చూశాం. పిలవలేదు. పల్లెటూరి తతంగం ఇక్కడ దేనికన్నాడట. మేము వెళ్లేటప్పుడు పెరటి తలుపు దగ్గరికి వచ్చి, స్నేహితులు చూస్తుండగా వదిన చేతిలో నల్లడబ్బా ఒకటి పెట్టి, "టేక్ ఇట్ హోమ్ అండ్ ఈట్," అన్నాడు. సొంత భాషలో ఒక్క ముక్క అనలేదు. కారులో ఆవిడ ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని మూతమీద బొటనవేళ్లు నొక్కి కూర్చుంది. మూల పగిలేదాకా నొక్కింది. ఇంటి దగ్గర దిగి, పారెయ్యమని నాకిచ్చింది. తెరిచి చూస్తే ఎంగిలి ఒక్కటే తక్కువ, అన్నీ బొమికెలే. బొమికెలు పారేశాను. డబ్బా కడిగాను.

తరవాత చాలా రోజులు ఆవిడను రెచ్చగొట్టాను. మా ఊళ్లో అయితే పుట్టింటి గుమ్మం ముందు నిలబడి దుమ్మెత్తిపోసేవాళ్లం అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపేది. వాళ్లలో ఆడదానికి పుట్టింటివాళ్లే దీవెన ఇచ్చేవాళ్లు. వాళ్ల మనసు నొప్పిస్తే కడుపున పుట్టినవాళ్లకు మేలు జరగదని భయం.

"నాకేమీ వద్దు వదినా. ఒక్కసారి నలుగురిలో అక్క అంటే చాలు," అంది.

"నీకు చాలేమో, నాకు చాలదు," అన్నాను. "నీకు అడ్డం ఉంది. నాకేం అడ్డం?"

ఆవిడ లేచి తన గేటు వైపు నడిచింది.

ఒక వానకాలం పోయింది, ఇంకొకటీ పోయింది. వదినకు మనవడు పుట్టాడు. బిడ్డకు దీవెన విందు పెట్టాలి, పుట్టింటివాడిగా తమ్ముడు వచ్చి తీరాలి, పై వరసలో కూర్చోవాలి. వదినకు కూతుళ్లు లేరు, ఆడపడుచులంతా సుమత్రాలోనే ఉన్నారు. వడ్డించే ఆడపడుచు వైపు లేకపోతే వాళ్ల విందు నడవదు. ఆ చోట మీ ఇంటివాళ్లు నిలబడతారా అని ఆవిడ నన్నూ మా అమ్మాయినీ అడిగింది. వదినా అని పిలిపించుకున్నదాన్ని, ఎందుకు నిలబడను? వాటాలు పంచేది కూడా నేనేనా అని మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను.

విందు రోజు పొద్దున్నే, మా వెనక తలుపు తట్టి వదిన వచ్చింది. చేతిలో పళ్లెం, దాని నిండా పచ్చటి అన్నం.

"నాకేం పరీక్ష ఉందని?" అన్నాను.

"తిను వదినా," అంది. నేను చివరి మెతుకు తినేదాకా అక్కడే నిలబడి, ఖాళీ పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ గేటు దాటాక నేను ముక్కు తుడుచుకుని, అరలో చెయ్యి పెట్టి వెనకనున్న నల్లడబ్బాను తీశాను.

ఈ ఊళ్లో ఉన్న పక్‌పక్ కుటుంబాలన్నీ వచ్చాయి. సిమ్‌సిమ్ పెద్దాయన ఒకాయన, ఆయన మాట అందరూ వింటారు. మా అమ్మాయితో పనిచేసే కెప్పాస్ నర్సు. బోవాంగ్ నుంచి ఒక ముసలమ్మ, ఆమె కుటుంబం. వాళ్లకు కూడా వాటా అందాలని వదిన హలాల్ కొట్టు నుంచే మేకపోతును తెప్పించింది. తమ్ముడు పట్టుచొక్కా వేసుకుని షెడ్డు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చి, పై చాపమీద కూర్చున్నాడు.

సిమ్‌సిమ్ పెద్దాయన ఒక్కో వరసను పిలుస్తుంటే, అరిటాకులో పెట్టిన వాటాలు నేను మోసుకెళ్లి ఇచ్చాను. పుట్టింటివాళ్ల వాటా అని పిలిచాడు. తమ్ముడు నడుం నిటారుగా పెట్టి రెండు చేతులూ చాచాడు. నేను అరిటాకు తీసుకెళ్లలేదు. ఆయనకు రావలసిన మాంసంలో ముక్క కూడా తగ్గించకుండా, మంచి కండలన్నీ ఆ నల్లడబ్బాలో సర్ది, పగిలిన మూత పెట్టి ఆ చేతుల్లో ఉంచాను. మనవరాలి దగ్గర వారం రోజులు వల్లెవేసిన మాట అన్నాను.

"టేక్ ఇట్ హోమ్ అండ్ ఈట్."

ఆయన డబ్బాను చూశాడు. డబ్బానూ, తన మాటనూ గుర్తుపట్టాడు. మెడమీద చెమట పట్టుచొక్కాలోకి దిగింది.

ఇదెక్కడి పద్ధతని సిమ్‌సిమ్ పెద్దాయన నన్ను నిలదీశాడు. కెప్పాస్ నర్సు నాకు తెలియజెప్పింది.

"నన్నడుగుతారేం, అది వాళ్లింటి పద్ధతి. ఆయన్నే అడగండి," అన్నాను. నేనన్నది మా మనవరాలు వాళ్లకు ఇంగ్లీషులో చెప్పేసింది, ఒక్క మాట వదలకుండా.

ఈ డబ్బాలో నువ్వు ఎవరికిచ్చావని పెద్దాయన అడిగాడు. తమ్ముడు తల వంచుకుని వాళ్ల భాషలో ఏదో గొణిగాడు. చివరన కూర్చున్న బోవాంగ్ ముసలమ్మకు చెముడు. ఎవరికి, ఎవరికి అని ఆమె గట్టిగా అడిగింది. ఆయన ఈసారి గొంతు పెంచి చెప్పవలసి వచ్చింది. పక్కనున్న దొరకు ఏమీ అర్థంకాక, హూ ఈజ్ షి అని అడిగాడు. అదే దొర, కొత్తింట్లో అడిగినవాడు.

"మై సిస్టర్," అన్నాడు తమ్ముడు. "మై ఎల్డర్ సిస్టర్."

వదిన వంటింటి గుమ్మంలో మనవణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. నవ్వలేదు, నన్ను ఆపనూ లేదు. బిడ్డను కోడలికిచ్చి, అరిటాకు తెచ్చి, డబ్బాలోని మాంసమంతా ఆకులోకి మార్చి, రెండు చేతులతో తమ్ముడి ముందు పెట్టింది. పద్ధతి ప్రకారం ఎలా పెట్టాలో అలాగే. ఖాళీ డబ్బా నా చేతికిచ్చింది. తమ్ముడు లేచి బిడ్డమీద వాళ్ల నేతవస్త్రం కప్పి దీవించాడు. దీవించక ఏం చేస్తాడు? చివర్లో పెద్దాయన ఆడపడుచుల వాటా అని పిలిచాడు. వెళ్లి అందుకున్నాను.

ఇంటికి వస్తుంటే, "అంత కసి ఏందమ్మా నీకు, వయసులో పెద్దాయన," అంది మా అమ్మాయి.

"అక్క చేతిలో బొమికెలు పెట్టిన రోజు చిన్నపిల్లాడా?" అన్నాను.

ఇప్పుడు శనివారం సంతలో నన్ను చూస్తే ఆయన పక్క వరసలోకి తప్పుకుంటాడు. నాకు కావలసిన వంకాయలు ఈ వరసలోనే ఉన్నా, నేనూ ఆ వరసలోకే పోతాను. వానలు తగ్గాక ఆయన కూతురి పెళ్లట. మొన్న స్వయంగా వచ్చి వదినను పిలిచి వెళ్లాడు, వాటాలు కూడా ఉంటాయన్నాడట. ఆవిడ మొహం వెలిగిపోతోంది. మంచిదే. పెళ్లికి నేనూ వస్తానని చెప్పాను.

డబ్బా కడిగి, ఆరబెట్టి, అరలో వెనక పెట్టాను.