బెల్లం దిమ్మ కింద బైబిలు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజుల్లో నాకు పుస్తకాలు కుట్టే పిచ్చి పట్టింది. అనకాపల్లి స్టేషను దారిలో ఒక బైండరు ఉండేవాడు. తనతో టీ తాగినవాళ్లందరూ అతనికి బావలే, నాతో సహా. అతని దగ్గర సూదిలో దారం ఎక్కించడం నేర్చుకునేలోపు నాకు రెండు కళ్లజోళ్లు మారాయి. మీరు నమ్మకపోయినా ఫరవాలేదు, మా ఆవిడా నమ్మలేదు.

నా ఒక్కడి చేతికి వచ్చిన మొదటి పని పక్కింటి మామ్మ బైబిలు. ఆవిడ పెళ్లినాటిది. వీపు ఊడి కాగితాలు జారిపోతున్నాయి. ఆ ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు ఆవిడది. ఇంకెవరి బైబిలూ ముట్టుకోనని, ఇది రాకపోతే చదవనేచదవనని తెగేసి చెప్పింది.

దారానికి మైనం రాసి ఒక్కో ఫారమే, అంటే ఒక్కో మడత కాగితాల కట్టే, కుట్టాను. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి అట్ట అంటించాను. తడి లోపలికి దిగకుండా అట్టకీ పేజీలకీ మధ్య ప్లాస్టిక్ కాగితం కూడా పెట్టాను. ఇక బిగించడమే మిగిలింది. బైండరు ప్రెస్సు ఖాళీ లేదు.

"ఇంటికి పట్టుకెళ్లి మాంచి బరువెట్టు బావా" అన్నాడు.

బెల్లానికి పేరుపడ్డ మా ఊళ్లో ఇంట్లో బరువంటే ఏముంటుంది? అత్తవారు పంపిన బెల్లం దిమ్మ ఎక్కించాను. శనివారం పొద్దుటి నుంచీ వాన. ఆ చెమ్మకి బెల్లం కరిగి అట్టలోకి దిగింది. వెనకే చీమలు దిగాయి. ఊళ్లోవి చాలక చీడికాడ నుంచి బస్సెక్కి వచ్చాయని ఇప్పటికీ చెబుతుంటాను.

సాయంత్రం పుస్తకం బైండరు దగ్గరికి పట్టుకెళ్లాను.

"బరువెట్టమన్నాను గానీ నైవేద్యం ఎట్టమన్నానేటి బావా?"

అట్ట పీకేశాడు. ప్లాస్టిక్ కాగితం పుణ్యమా అని పేజీలు పొడిగానే ఉన్నాయి. ఇద్దరం కూర్చుని కొత్త అట్ట వేశాం. పైన ఈసారి ఇటుకలు పెట్టాం. వీపు కుట్ల సందుల్లో దాక్కున్న చీమలు మాత్రం మా కంటపడలేదు.

ఆదివారం బైబిలు మామ్మ చేతికిచ్చి చర్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాను, కుట్టు ఊడితే పారిపోవడానికి వీలుగా. మామ్మ చదవడం మొదలుపెట్టింది. రెండు మాటలు చదివి ఆగింది. తలొంచి పేజీ మీద మెల్లగా ఊదింది. మళ్లీ చదివింది, మళ్లీ ఆగింది. దుఃఖం ఆపుకుంటోందనుకుని ముందు వరసలో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

బయటికొచ్చాక నా చెవి పట్టుకుంది.

"కుట్టు బాగుందిరా. ఒక్క కాయితం కదల్లేదు. గానీ నీ సీమలు నాకన్నా ముందే సదివేత్తన్నాయి."

అంత ఆగి ఆగి, అంత భారంగా చదివినందుకు పాస్టరుగారు క్రిస్మస్ వాక్యం కూడా ఆవిడకే ఇచ్చారు.