పొటాష్ కంపెనీకి ఇద్దరు మాలికులు

తెలంగాణ వచ్చిన కొత్తలో మాలాంటి పోరగాళ్లకు చేతిలోకి స్మార్ట్‌ఫోను, తలలోకి ధైర్యం ఒకేసారి వచ్చాయి. నేనప్పుడు దేవరకొండలో ఒక ఎరువుల దుకాణంలో గుమాస్తాను. బండి కొనుక్కుందామని జీతంలో కొంత వెనకేస్తున్నాను. పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే మిత్రుణ్ణి అందరం షేర్ భాయ్ అనేవాళ్లం (అతను అప్పటికి కొన్న షేరు ఒక్కటే, అదీ మునిగింది). పొటాష్ కోసం రైతులు మా దుకాణం ముందు వరస కట్టడం చూసి అతనికి ఒక ఆలోచన వచ్చింది. పొటాష్ ఓడల్లో పరాయి దేశాల నుంచి వస్తుందట, దాన్ని మన రాళ్లలోనే వెతకడానికి ఒక చిన్న కంపెనీ బయలుదేరిందట, పైగా మా దగ్గరి గుట్టల్లోనే బోరు వేసి చూసే మిషను పెట్టిందట. "బస్తాలు ఎన్నేండ్లు అమ్ముతవన్నా? గనికే మాలిక్ అయిపో" అన్నాడు.

అయిపోయాను. బండి డబ్బులన్నీ షేర్లయ్యాయి. ఇంట్లో చెబితే బాపు, "భూమిల కెళ్లి తీసి మల్ల భూమిల్నే పోసుడు. నడుమ నీ పనేందిరా?" అని అడిగాడు. బాపుకు మార్కెట్ తెలియదని జాలిపడ్డాను.

ఒక ఆదివారం మా గనిని చూసుకుందామని షేర్ భాయ్ స్కూటర్ మీద ఇద్దరం బయలుదేరాం. గుట్ట కింద కంది చేనులో మిషను కదలకుండా నిలబడి ఉంది. దాని నీడలో నలుగురు పనివాళ్లు పేకాడుతున్నారు. ఎవరు మీరని మేస్త్రీ అడిగితే, కంపెనీ మాలికులమని షేర్ భాయ్ గంభీరంగా చెప్పాడు. పేక ముక్కలు మాయమయ్యాయి. మేస్త్రీ చేతులు కట్టుకుని, "డీజిల్ అయిపోయి వారమైతాంది సార్. మీరొస్తరనే చూస్తున్నం" అన్నాడు. మేము అటువంటి మాలికులం కాదు. అయినా షేర్ భాయ్ క్యాన్ పట్టుకుని బంకుకు పోయాడు. డబ్బులు నావి. ఆ కంపెనీలో అది నా రెండో పెట్టుబడి.

సాయంత్రానికి మిషను మొదలైంది. మాలికులం ఇద్దరం గొట్టం దగ్గరే నిలబడి చూస్తున్నాం. కాసేపటికి గొట్టం పక్క నుంచి బురద, ఆ వెనకే నీళ్లు ఎగజిమ్మాయి. మేస్త్రీ తల పట్టుకున్నాడు. చేను గల అవ్వ (ఆమె వేయించిన రెండు బోర్లూ ఎప్పుడో ఎండిపోయాయట) పరుగున వచ్చి ఆ నీళ్లు దోసిట పట్టి, రుచి చూసి, నా చెయ్యి పట్టుకుంది. "మీ మందు బస్తాల సంగతి నాకెర్కలేదు బిడ్డా. గీ బొక్క మాత్రం పూడ్వకుండ్రి" అంది. మాలిక్ హోదాలో పూడ్చబోమని మాటిచ్చాను.

కొన్నాళ్లకు అక్కడ పొటాష్ లేదని కంపెనీ ప్రకటించింది, తర్వాత కంపెనీయే లేకుండా పోయింది. బొక్క మిగిలింది. మరుసటి ఏడు ఆ దారిన బస్సులో పోతుంటే కంది చేను వరి మడి అయి కనిపించింది. పక్కవాడికి చూపించి, అది నా పెట్టుబడే అన్నాను. అతను కొంచెం జరిగి కూర్చున్నాడు.

ఇప్పుడు నా డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది. ఎలా ఉందో చూసొద్దామని ఆదివారం పూట ఎండలో పడి పోవాలని మాత్రం ఎప్పుడూ అనిపించదు.