అయిపోయిందన్న పెన్‌డ్రైవ్

మా చర్చి పిల్లల క్రిస్మస్ పాటను ఒంటిచేత్తో ఎలా ముంచానో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు సిగ్గుపడే ఓపిక కూడా అయిపోయింది.

అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్లోని మా తెలుగు చర్చిలో సాఫ్ట్‌వేర్ వాడు కనబడితే చాలు, మీడియా టీమ్ అంటూ మెడకు తగిలించేస్తారు. వారమంతా ఆఫీసులో సర్వర్ల మెమరీతో, డిస్కులతో వేగి వచ్చే నాకు ఆదివారం కూడా అదే శిక్ష. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు చదవడం రాదు. పాటను ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద వేస్తేనే పాడతారు. వాళ్లకు రాగం నేర్పింది మార్తమ్మ ఆంటీ. మోకాళ్ల నొప్పులతోనే ప్రతి శనివారం వచ్చి నేర్పారు. పండగ కాగానే ఆవిడ కూతురి దగ్గరికి అరోరా అనే ఊరికి వెళ్లిపోతున్నారు. మా చర్చిలో ఆవిడకు అదే చివరి పాట. మాటలు తెర మీద వేసే పూచీ నాది.

పాట పాడే రోజు ఇంట్లో స్లయిడ్లను, వెనక మెరిసే నక్షత్రాల వీడియోలతో సహా, లాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్‌కి కాపీ చేశాను. అంత పెద్ద ఫైలు చిటికెలో అయిపోయింది. అనుమానం రావాలా వద్దా? రాలేదు. కారు తాళాలతో గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ రూత్, ఎజెక్ట్ చేసి తీయమంది.

"నేను బతికేదే దీని మీద" అంటూ పీకి జేబులో వేసుకున్నాను.

కంప్యూటర్ మనం రాయమన్నది వెంటనే డిస్కు మీద రాయదండీ. ముందు తన మెమరీలో పెట్టుకుని, అయిపోయిందని మనకు చెప్పేసి, తీరిక చూసుకుని రాస్తుంది. ఎజెక్ట్ నొక్కితేనే ఆ రాత పూర్తిచేసి వదులుతుంది. ఇంటర్వ్యూలకు వచ్చినవాళ్లను ఈ ప్రశ్న అడిగి చెమటలు పట్టించేది సాక్షాత్తూ నేనే.

చర్చిలో పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫైలు పేరుంది, లోపల ఏమీ లేదు. లాప్‌టాప్ ఇంట్లో సోఫా మీద ఉంది. పిల్లలు అప్పటికే స్టేజ్ ఎక్కేశారు. కీబోర్డు వాయించడం మొదలైంది. అందరూ ఖాళీ తెరకేసి చూశారు.

"అంకుల్, వర్డ్స్ రాలేదు" అంది ముందు వరుసలో పాప, మైకులోనే.

ఆంటీ మొహంలోకి చూడలేకపోయాను. ఆవిడే నన్ను స్టేజ్ మీదకు పిలిచారు.

"స్లయిడ్లు చేసింది నువ్వేగా నాయనా, మాటలు నీకొచ్చుగా. నువ్వు పాడు, పిల్లలు అందుకుంటారు."

నా గొంతు కన్నా మా ఇంటి స్మోక్ అలారం నయం. పిల్లలు బుద్ధిమంతులు. నేను ఎక్కడెక్కడ శ్రుతి తప్పానో, వెతుక్కుని మరీ అక్కడే తప్పారు. ఆంటీ అన్నాళ్లు నేర్పిన రాగం మొదటి చరణంలోనే గంగలో కలిసింది.

"ఇక ఈ పాటను మాత్రం మర్చిపోలేనులే" అన్నారావిడ వెళ్తూ, నా భుజం తట్టి.

తిరిగొస్తూ కారులో మెమరీ సంగతంతా రూత్‌కి వివరించాను. ఓపిగ్గా విన్నది.

"అంటే చేయకుండానే చేసేశానంటుందా? ట్రాష్ డబ్బా బయట పెట్టారా అంటే మీరు పెట్టేశానన్నట్టు."



కాబట్టి పాఠక మహాశయులారా, ఇకమీదట ఎజెక్ట్ చేయకుండా పెన్‌డ్రైవ్ ముట్టనని, పెట్టని ట్రాష్‌ని పెట్టేశానని అననని మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మొదటి ప్రమాణం నిలబెట్టుకుంటూనే ఉన్నాను. రెండోది ఇంకా మెమరీలో ఉంది.