పెద్దమ్మ టీవీకెక్కిన వారం

కిరాయి ప్లాస్టిక్ కుర్చీల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. ఏ పెళ్లిలోనైనా కాస్త బరువైన పెద్దమనిషి కూర్చోగానే వెనక కాలు వంగిపోతుంది. పినపాక దగ్గరి మా ఊరికి టీవీ వాళ్లు వచ్చిన రోజున నేనే వెళ్లి నాలుగు కుర్చీలు తెచ్చి వేశాను. ఒక్కదాని కాలూ వంగలేదు.

వాళ్లు వచ్చింది మా పెద్దమ్మ కోసం. కామెర్లకు పసరు మందు ఇస్తుందని విన్నారట. ఇరవైనాలుగు గంటల వార్తలు కొత్తగా మొదలైన రోజులవి. అన్ని గంటలు నింపడం మాటలు కాదు. కోడిని కోశాం. అప్పుడే కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిన నేను, భోజనాల దగ్గర నలుగురూ నవ్వుతారని పాత సంగతొకటి చెప్పాను.

నా చిన్నప్పుడు ఊళ్లో గొడ్లు వరసగా చచ్చిపోతుంటే, తెల్లవారకముందే అడవికి వెళ్లి ఆకు కోసుకొచ్చే పెద్దమ్మే మంత్రాలు వేస్తున్నదన్నారు. ఏడాదిపాటు ఆమెను ఎవరూ గడప తొక్కనివ్వలేదు. పశువుల డాక్టరు వచ్చి అది గొంతువాపు రోగమని తేల్చాక ఊరు తప్పు ఒప్పుకోలేదు గానీ, మరిచిపోయింది. మా ఊరి మర్యాద అంతవరకే. టీవీ వాళ్లు వచ్చేనాటికి ఏ ఇంట పసిబిడ్డకైనా నీళ్లు పోసేది ఆమే.

రిపోర్టరు బాగా నవ్వాడు. "అమ్మా, ఆ వేపకొమ్మ పట్టుకొని ఇటు చూడు" అన్నాడు. ఆమె కొంగు సర్దుకుని మరీ పట్టుకుంది.

వారం తర్వాత వాడకట్టంతా మా టీవీ ముందు కూర్చుంది. పిలిచింది నేనే. ఎర్రటి పొగ, పుర్రె బొమ్మ, మధ్యలో వేపకొమ్మతో పెద్దమ్మ. నా కథలో డాక్టరు వచ్చేముందు వరకే వాడుకున్నారు. కామెర్ల ఊసే లేదు. చాయ్ చల్లారకముందే ఇల్లు ఖాళీ అయింది.

పక్కింట్లో పదిరోజుల మనవడు. మర్నాటి నుంచి వాడికి నీళ్లు పోయడానికి పెద్దమ్మకు పిలుపు రాలేదు. అయినా ఆ వేళకి చెంగు దోపుకుని మా గడపలో కూర్చునేది. గోడ అవతల వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు.

"మెడ కింద చెయ్యి పెడ్తలేరు" అనేది.

ఏడో రోజు ఆ పసివాడి నాయనమ్మ గోడ దగ్గరికి వచ్చింది.

"అక్కా, నీళ్లు కాగినయ్."

"మంత్రగత్తెతోని నీకేం పనే?"

"ఏ మంత్రమేస్తవో ఏమో, వాడు పండుకుంటే చాలు. మాకు కంటిమీద కునుకు లేదు. జల్దీ రా."

పెద్దమ్మ వెళ్లింది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాణ్ణి కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రుద్ది, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టింది. వాడు ఆ పొగలోనే ఆవలించాడు. ఊళ్లో ఇంకో రెండిళ్లవాళ్లు ఆమెను మళ్లీ ఎన్నడూ పిలవలేదు గానీ, ఆ పూటకి నాకు అదే మహాభాగ్యంగా అనిపించింది. ఆ సంతోషంలో టీవీ వాళ్లను గట్టిగానే నాలుగు తిట్లు తిట్టాను.

చేతులు తుడుచుకుంటూ వస్తున్న పెద్దమ్మ విన్నది.

"వాళ్లనెందుకు తిడ్తవ్‌రా? నేనెవరో వాళ్లకు ఎరుకలేదు. నీకు ఎరుకే గదా."